మచ్చు చూపని టిక్కీ

కొత్తపేటలో రాత్రి రెండున్నర.
కింద మందుల షాపు షట్టరు సగం దించి ఉంది.
పై అంతస్తు ల్యాబులో మిషను
పధ్నాలుగో బెడ్డు నెత్తుటి కణాల్ని
ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపిస్తోంది,
యార్డు గేటులో టిక్కీలు దాటినట్టు.

నేను గుంటూరు మిర్చి యార్డు పక్కన పెరిగినదాన్ని.
ఘాటు తగిలితే గాని నాకు ఏ సంగతీ బుర్రకెక్కదు.
అందుకే కొత్తగా చేరిన ఝాన్సీ
హెచ్ఎల్ఏ అంటే ఏంటక్కా అంటే
పుస్తకం తెరవలేదు.

టిక్కీ మూతి విప్పి పైన గుప్పెడు కాయ పెడతారు చూడు, మచ్చుకి,
కణమూ అంతే.
తన లోపలి ప్రోటీన్లని తానే తుంచి
ఎనిమిదో తొమ్మిదో పూసలున్న ముక్కని
ఆ అణువు దోసిట్లో పెట్టి
గడప బయటికి చాపుతుంది:
ఇదిగో, లోపలున్నది ఇదే.
టి కణం బేరగాడు.
విరిచి చూస్తాడు, వాసన చూస్తాడు,
తేజ కాయల్లో ఒక్క పరాయి ముక్క కనబడ్డా
కేకేస్తాడు.

"మరి మచ్చే పెట్టకపోతే?"

కాలేషా గుర్తొచ్చాడు.
గేటు దగ్గర ఒక కాలు పొట్టిదైన ఇనప కుర్చీ.
ఇరవై ఏళ్ళు ఆ కోరులో కూర్చుని
కాయ రంగు గురించి ఒక్క మాటా అనలేదు.
రంగు చూడ్డానికి వేరేవాళ్ళున్నారమ్మా,
నేను చూసేది మూతి కుట్టేసిన టిక్కీని.

నేచురల్ కిల్లర్ అని పేరైతే పెట్టారు గానీ
ఆ కణం ముందు నేర్చేది ఊరుకోవడం.
తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకున్నట్టు
ఎదుటి కణం దోసిలి తడుముతుంది.
వేళ్ళకి వేళ్ళు అందితే, సరే పద.
అందకపోతే ఆగుతుంది.
దోసిట్లో ముక్క మారినా
ఒక్కోసారి పట్టు జారుతుంది.

హెచ్ఎల్ఏ-ఇ అని ఒకటుంది, అది మరీ చిత్రం.
అది ఎక్కువగా పెట్టే మచ్చు
తోటి అణువులు పుట్టేటప్పుడు రాలిన తొలి తునక.
మావాళ్ళంతా పనిలోకొచ్చారు అని
హాజరు పట్టీ చూపించినట్టు.

పధ్నాలుగో బెడ్డు కణాలు తెలివిమీరాయి.
దోసిళ్ళే విరిచేసుకున్నాయి.
తెర మీద చుక్కల గుంపు ఎడమకి జారిపోయింది.
చూడ్డానికేమీ లేదని
బేరగాళ్ళు పక్కనించే పోతున్నారు.
కాపలావాళ్ళని లెక్కపెట్టాను.
రెండోసారి కూడా లెక్కపెట్టాను. తక్కువే.

ఝాన్సీకి ఒకటి చెప్పలేదు.
ఒక మార్చిలో మా అమ్మ సువార్తమ్మ
తొడిమలు తీసే పనికి పోతూ టోకెను పారేసుకుంది.
కాలేషా ఆపాడు. ఎరిగిన మనిషే, అయినా ఆపాడు.
చూపడానికేమీ లేనివాళ్ళని
ఏ గేటైనా ముందు అనుమానిస్తుందని
నాకు ఎనిమిదేళ్ళకే తెలిసింది.
అమ్మ కొంగు పట్టుకుని
వాణ్ణి చంపేసేలా చూశాను.

అమ్మ మాట్లాడలేదు.
రెండు చేతులూ తిప్పి చూపింది.
గోళ్ళ చుట్టూ ఎరుపు, బొటనవేలి పక్కన పగులు,
మజ్జిగలో ముంచినా దిగని మంట.
కాలేషా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

తర్వాతెప్పుడో చదివాను,
కిల్లర్ కణం కొట్టడానికి ఖాళీ దోసిలి ఒక్కటే చాలదట,
బాధ గుర్తులు కూడా పైకి కనబడాలట.
మా అమ్మకేమో బాధ గుర్తులే గేటు పాసు.
పోలిక ఇక్కడ తప్పింది.
తప్పనీ.

మూడింటికి రిపోర్టు టైపు చేశాను.
క్లాస్ వన్ బాగా తగ్గింది, అని ఒక వరుస.
హైమవతి డాక్టరుగారు పొద్దున చూస్తారు.
ఝాన్సీ గ్లవ్సు తీసి కళ్ళు నలుపుకోబోయింది.
ఆగు, ముందు చేతులు కడుక్కో, అని అరిచాను.
ఉలిక్కిపడింది పాపం.
మా ఇంట్లో అందరం అలాగే అరుచుకునేవాళ్ళం.